పట్టీ తీసిన తరువాత

చెవి వెనక నుంచి ధారణ పట్టీని ఊడదీస్తున్నప్పుడు సింధూర కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా గోడకున్న అద్దంలో తల్లి పట్టీ అంచు పట్టుకుని ఆగడం చూసి, "అమ్మా, నువ్వు భయపడుతూ తీస్తే నాకూ భయమేస్తుంది. లాగెయ్," అంది.

కనకమహాలక్ష్మి లాగేసింది.

వేలెడు పొడవుండే ఆ మెత్తటి పట్టీని తయారుచేసిన వాళ్ళలో ఆమె కూడా ఒకతె. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద కట్టిన ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెని డాక్టర్ కనకం అంటారు. పట్టీని మనుషుల మీద పరీక్షించే రోజుల్లో ముందుకొచ్చిన కొద్దిమందిలో ఆమె కూతురు సింధూర ఉంది. అప్పుడే మెడికల్ కాలేజీలో చేరింది. ఎముకల పేర్లు, నరాల పేర్లు సాయంత్రం చదివితే పొద్దుటికి ఎగిరిపోతున్నాయని ఏడ్చేది. పట్టీ పెట్టుకున్నాక పుస్తకం ఒక్కసారి తిరగేస్తే చాలు, నెల పోయాక అడిగినా ఏ పేజీలో ఏ మూల టీ మరక ఉందో కూడా చెప్పేది. ఆ పిల్ల నవ్వు చూసి కనకం తన చదువంతా సార్థకమైందనుకుంది.

ఈ ఏడాది తీసిన స్కాన్లు చూశాక ఆ మురిపెం పోయింది. ఏ విషయమైనా మనసులో నాటుకోవాలంటే మెదడు అడుగున చిటికెనవేలంత భాగం ఒకటి శ్రమపడాలి. ఆ శ్రమంతా పట్టీయే పడుతుండడంతో ఆ భాగం పని మానేసింది. మానేసి చిక్కిపోతోంది. పట్టీ పెట్టుకున్న వాళ్ళందరిలోనూ అదే వరస. ఇలాగే కొన్నాళ్ళు పోతే ఇక కోలుకోవడమంటూ ఉండదు.

"కోలుకోకపోతే ఏం?" అన్నాడు పరిశోధనశాల డైరెక్టర్ పరాంకుశం. "జీవితాంతం పట్టీ పెట్టుకునే ఉంటారు. జనం కళ్ళజోళ్ళు పెట్టుకోవడం లేదూ?"

"కళ్ళజోడు కంటిని ఎండగొట్టదు సార్. ఇది లోపల ఉన్నదాన్ని ఎండగొడుతోంది."

"మిగతా వాళ్ళెవరూ తీయమనడం లేదు కదా."

"వాళ్ళకీ చెప్తాను. ముందు నా కూతురిది తీస్తాను." ఆయన చివరికి అయిష్టంగానే సరేనన్నాడు.

సింధూరకి దాచిందేమీ లేదు. తన స్కాను తనే చూసుకుంది. డాక్టరు చదువు చదువుతున్న పిల్ల, చెప్పకుండానే అర్థమైంది. కాసేపు గోళ్ళు కొరుక్కుని, "తీసెయ్," అంది.

మర్నాడు పొద్దున్న నిద్రకళ్ళతోనే వరండాలోకి వచ్చింది. "అమ్మా, నువ్వింకా తయారవలేదేం? పట్టీ తీయించుకోవడానికి వెళ్ళాలిగా. ఆలస్యమైతే మీ డైరెక్టరు మనసు మార్చుకున్నా మార్చుకుంటాడు."

కనకం కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న సన్యాసిరావు లేచి కూతురి దగ్గరికొచ్చాడు.

"నిన్ననే తీసేశారు, తల్లీ," అన్నాడు మెల్లగా.

సింధూర చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. నున్నటి చర్మాన్ని తడిమింది. మళ్ళీ తడిమింది. తండ్రి ముఖంలోకీ తల్లి ముఖంలోకీ మార్చి మార్చి చూసి, "నిన్ననా?" అంది. ఆ గొంతులో ఉన్నంత భయం కనకం అంతకుముందెన్నడూ వినలేదు.

పాతవన్నీ భద్రంగానే ఉన్నాయి. పట్టీ నాటినవీ ఉన్నాయి. కొత్తగా జరిగేదే నిలవడం లేదు. పగలంతా మామూలుగా ఉంటుంది, మాట్లాడుతుంది, గొడవపడుతుంది. పడుకుని లేచేసరికి నిన్నటి రోజు తుడిచిపెట్టుకుపోతుంది. కాలేజీకి సెలవు పెట్టించక తప్పలేదు.

సన్యాసిరావు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆటల్లో కాలు విరగ్గొట్టుకునే పిల్లలు ఆయనకి కొత్త కాదు. "కట్టు విప్పిన రోజున ఆ కాలు చూడాలి కనకం, ఎండుపుల్లలా ఉంటుంది. అడుగెయ్యలేక వాడు ఏడుస్తాడు. అలాగని మళ్ళీ కట్టు కట్టేస్తామా?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను," అంది కనకం. "ఆ భాగానికి రోజూ పని చెప్పాలి. ఊరికే చదవడం, చూడడం పని కాదండీ. చూసినదాన్ని పక్కన పెట్టేసి లోపల వెతికి బయటికి తీయాలి. ఆ వెతుకులాటే వ్యాయామం. దొరక్కపోయినా సరే, వెతకాలి. ముందుగా మనం అందించేస్తే ఆ మేరకి చెడగొట్టినట్టే."

"వెతికించడం నువ్వు చూసుకో. లేపడం, నడిపించడం, వేళకి పడుకోబెట్టడం నేను చూసుకుంటాను."

అలా మొదలైంది. పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు నడకకి బయల్దేరేవాళ్ళు. గంటస్తంభం దాటి, లైట్‌హౌస్ పక్కనుంచి దిగి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటిదాకా. వెళ్ళేటప్పుడు చుట్టూ చూడాలి. వచ్చేటప్పుడు చూసినవి వరసగా చెప్పాలి. ఆమె చూపు పక్కకి పోకుండా సన్యాసిరావు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చేవాడు. మధ్యాహ్నం వంట. ఎప్పుడూ చెయ్యని కూర ఏదో కనకం చెప్పేది, సింధూర చేసేది. భోజనాలయ్యి గిన్నెలు కడిగేశాక, అందులో ఏది ముందు వేసిందో ఏది తర్వాత వేసిందో తలుచుకుని చెప్పాలి. ఆ తర్వాత, ఆమెకి ముందు బొత్తిగా రాని ఒడియా అక్షరాలు, రోజుకి కొన్నే. రాసి, మూసి, మళ్ళీ చూడకుండా రాయడం. ఒకసారి నేర్చినవి మర్నాడు, రెండు రోజులాగి, తర్వాత వారానికి మళ్ళీ రాయడం. ఫోను బీరువాలో పెట్టేశారు. దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ కూర్చుంటే సింధూర ఆ రోజంతా నోటితో అప్పజెప్పేది. ఆపైన పెందరాళే నిద్ర. పగలు పోగుచేసినదాన్ని మెదడు సర్దుకునేది నిద్రలోనే కాబట్టి, ఆ ఒక్క విషయంలో సన్యాసిరావు ఎవరి మాటా వినేవాడు కాదు.

రోజూ తెల్లారగానే కూతురి మంచం పక్కన కూర్చుని, పట్టీ తీసిన సంగతి మొదట్నుంచీ చెప్పేవాడు. రోజూ ఆమెకి అది కొత్తే. రోజూ చెయ్యి చెవి వెనక్కి పోయేది. ఒక్కనాడు కూడా ఆయన విసుక్కోలేదు. "ఇప్పుడు కళ్ళు మూసుకుని నిన్న ఏం జరిగిందో వెతుకు," అనేవాడు.

"ఏమీ లేదు నాన్నా. చీకటిగా ఉంది."

"ఉండనీ. వెతికావు కదా, చాలు. బూట్లేసుకో."

కొన్నాళ్ళకి, ఎందుకో తెలియకపోయినా, లేవగానే మంచం మీద బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకోవడం ఆమె ఒంటికి అలవాటైపోయింది. మనసుకంటే ముందు ఒళ్ళు నేర్చుకుంది. కనకానికి అదే మొదటి ఆశ.

ఒకరోజు వెనక్కి నడుస్తున్న సన్యాసిరావు, ఇసకలో ఎండబెట్టిన చేపల మధ్యకి వెళ్ళిపోయి కాలు జారి వాటి మీదే కూర్చున్నాడు. చేపలావిడ గంప కింద పడేసి వచ్చింది. "కళ్ళు వీపునున్నాయేటి మాస్టారూ? ఊరికి డ్రిల్లు నేర్పుతావు, నీకు నడక రాదేటి?" అని ఆవిడ కడిగేస్తుంటే సింధూర ఒడ్డున కూలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్న ఆమె గదిలోంచి ముందు కిసుక్కుమన్న చప్పుడు వచ్చింది. తర్వాత పెద్ద నవ్వు. కనకం, సన్యాసిరావు పరిగెత్తారు. సింధూర కళ్ళు మూసుకునే ఉంది.

"నాన్న... చేపల మీద కూర్చున్నాడు. ఎవరో తిడుతున్నారు. వీపున కళ్ళు..."

సన్యాసిరావు రెండు చేతులూ పైకెత్తి గది చుట్టూ ఒక రౌండు పరిగెత్తాడు, పరుగుపందెంలో గెలిచిన కుర్రాడిలా. కనకం మంచం మీద కూర్చుని, ఇంకా వెతకమంది. ఆ వారం తీసిన స్కానులో చిటికెనవేలంత భాగం చిక్కడం ఆగిపోయింది. ఒక అంచున కొద్దిగా, చాలా కొద్దిగా, నిండుదనం కనిపించింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. స్కూలు గ్రౌండులో పిల్లల చేత కసరత్తు చేయిస్తూ సన్యాసిరావు పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కొడుకులు లేరు. ఎవరో బంధువుల అబ్బాయిని పిలుద్దామంటే, సింధూర ఒప్పుకోలేదు. కొరివి తనే పెట్టింది. చితి పూర్తిగా అంటుకునేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

మర్నాడు పొద్దున్న ఇంటినిండా చుట్టాలుండగా, బూట్లేసుకుని వరండాలోకి వచ్చింది. "నాన్న అప్పుడే వెళ్ళిపోయాడా? నన్ను లేపకుండా?"

కనకమే చెప్పాల్సి వచ్చింది. నిన్న విన్నప్పుడు ఎలా కూలబడిందో ఇవాళా అలాగే కూలబడింది. అదే కేక. "నేను చూడనైనా లేదమ్మా" అన్న అదే మాట.

"నువ్వే కదమ్మా కొరివి పెట్టింది," అంది పైడమ్మ. ఆవిడ సన్యాసిరావు అక్క, విజయనగరం నుంచి వచ్చింది.

సింధూర రెండు చేతులూ ముందుకి చాపుకుని వాటికేసి చూసింది, అవి ఎవరివో అన్నట్టు.

అప్పుడప్పుడే అడుగు నేర్చుకుంటున్న కాలి మీద బండరాయి పడినట్టయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కనకానికి భర్త పోయిన బాధ ఒకటైతే, ఆ చావుని రోజూ పొద్దున్నే తన నోటితో మళ్ళీ జరిపించడం మరొకటి. ఒకరోజు తట్టుకోలేక, "పిల్లల్ని ఆటల పోటీలకి తీసుకెళ్ళారు," అనేసింది. సింధూర ఆ రోజంతా హాయిగా ఉంది. ఒడియా అక్షరాలు దిద్దింది. సాయంత్రం స్కూల్లోని మాస్టార్లు పరామర్శకి వచ్చారు, వాళ్ళ మాటల్లో సంగతి బయటపడిపోయింది. వాళ్ళు వెళ్ళాక ఆమె తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పటికి ఏడుపు అయిపోయింది, ముఖం గట్టిపడి ఉంది.

"రోజూ చెప్తున్నావా?"

"రోజూ."

"ఇవాళెందుకు చెప్పలేదు?"

"చూళ్ళేకపోయానమ్మా."

ఆ మర్నాడే పరాంకుశం ఇంటికొచ్చాడు. జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "కనకం గారూ, పంతానికి ఇది వేళ కాదు. ఒక్క గంట పెట్టండి. ఆ గంటలో విషయం చెప్పండి. ఒక్కసారి ఏడుస్తుంది, ఇక ఎప్పటికీ గుర్తుంటుంది. రోజూ ఈ నరకం దేనికి?"

ఆయన మాటల్లో జాలి నిజమైనదే. ఆ ఒక్క గంటలో ఏమవుతుందో కూడా కనకానికి తెలుసు. పట్టీ మళ్ళీ పని అందుకోగానే, లేతగా చిగురిస్తున్నది చేతులెత్తేస్తుంది. రెండోసారి చిగురిస్తుందన్న నమ్మకం లేదు. తెలిసి కూడా ఆమె వద్దని చెప్పలేదు. ఆయన వెళ్ళాక డబ్బా తెరిచి, పట్టీని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. సింధూర వెనక నిలబడి ఉందని ఆమె చూసుకోలేదు.

"పెట్టేద్దామనుకుంటున్నావా?"

"నీ బాధ చూడలేకపోతున్నాను తల్లీ. ఒక్క గంట..."

"మళ్ళీ మొదటికొస్తుంది కదా?"

"రావచ్చు. అసలు రాకుండానే పోవచ్చు."

సింధూర తల్లి అరచేతిలోంచి పట్టీ తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసింది. "చేపల మీద కూర్చున్న నాన్న నాకు గుర్తున్నాడు. అది నేను వెతికి తెచ్చుకున్నది. నాన్న పోయిన సంగతి మాత్రం మిషను చెప్తే తెలుసుకోవాలా? వద్దు. దాన్నీ నేనే తెచ్చుకుంటాను."

"రోజూ ఏడవాలి."

"ఏడుస్తాను. అయితే ఒక్కటి. రేపట్నుంచి నువ్వు చెప్పెయ్యకు. పొద్దున్న నువ్వే అన్నావు కదా, అందించేస్తే చెడగొట్టినట్టేనని. నేను అడిగితే, నాన్న ఎక్కడున్నారో నువ్వే వెతికి చెప్పు అను. దొరక్కపోతే అప్పుడు చెప్పు. నేను బతిమాలినా, తిట్టినా ముందు చెప్పకు. మాటివ్వు."

కనకం మాటిచ్చింది. అంతకంటే కష్టమైన మాట ఆమె జన్మలో ఇవ్వలేదు.

తెల్లారితే చాలు. సింధూర మంచం మీద కూర్చుని, ముందురోజు ఇచ్చిన మాట సంగతి కూడా తెలియక, "నాన్నేడీ?" అనేది. కనకం పట్టీ తీసిన కథ చెప్పి, ఆ చివర, "నాన్న ఎక్కడున్నారో నువ్వే వెతుకు," అనేది. సింధూర నవ్వుతూ మొదలుపెట్టేది. తర్వాత చిరాకుపడేది. తల్లి ముఖం చూసి భయపడేది. "ఏమైందమ్మా? చెప్పవేం?" అని అరిచేది. కనకం చీర కొంగు పిడికిట్లో నలుపుకుంటూ, "ఇంకొంచెం వెతుకు తల్లీ," అనేది.

పైడమ్మ కొద్దిరోజులు చూసి, ఒకనాటి పొద్దున్న గుమ్మంలోనే నిలదీసింది. "నువ్వు తల్లివేనా కనకం? పులి లేడిపిల్లని ఆడించినట్టు ఆడిస్తన్నావు. నా తమ్ముడుంటే ఇలా చేయనిచ్చునా?"

"మీ తమ్ముడు మొదలుపెట్టిందే వదినా ఇది."

"నాకొద్దు నీ చదువులు. చూడలేను." ఆవిడ సంచీ సర్దుకుని సాయంత్రం బస్సుకి విజయనగరం వెళ్ళిపోయింది. కనకం ఆపలేదు. బూట్లు తొడుక్కుని, భర్త నడిచినట్టే కూతురి ఎదురుగా వెనక్కి నడుస్తూ గోస్తనీ ఒడ్డునుంచి ఇంటిదాకా వచ్చింది. అలవాటు లేని కాళ్ళు, రెండుసార్లు పడింది. మోకాలు దోక్కుపోతే కట్టుకట్టుకుని మర్నాడు మళ్ళీ నడిచింది.

చీకట్లో ఒక్కొక్కటే దొరకడం మొదలైంది. ఒకనాడు, "గ్రౌండు... గ్రౌండులో ఏదో అయింది," అంది. తర్వాత చాలారోజులు మళ్ళీ ఏమీ లేదు. ఇంకోనాడు, "తెల్లగుడ్డ కప్పారు, ఎవరికో," అంది. ఆ 'ఎవరికో' అన్న మాట దగ్గర ఆగిపోయి, ఎంత వెతికినా ముందుకి పోలేక తలగడని గోడకేసి కొట్టింది. కనకం ఆ తలగడ తెచ్చి మళ్ళీ ఒళ్ళో పెట్టింది.

పరిశోధనశాలలో పట్టీల సంగతి తేల్చడానికి సమావేశం పెట్టారు. కనకం సింధూర స్కాన్లు తెర మీద వేసింది. చిక్కినప్పటిదీ, ఇప్పటిదీ. తేడా అందరికీ కనిపిస్తోంది.

"పూర్తిగా బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు పరాంకుశం.

"తెలీదు సార్."

"తెలియనిదాన్ని నమ్ముకుని, పనిచేస్తున్నదాన్ని తీసెయ్యమంటారా?"

"పట్టీ పనిచేస్తోంది, మనిషే పనిచెయ్యడం లేదు. నా కూతురు నడవలేక పాకుతోంది సార్, ఒప్పుకుంటాను. కానీ పాకుతోంది తన కాళ్ళ మీద."

అందరూ వెళ్ళిపోయాక ఆయన కుర్చీలోంచి లేవలేదు. చెవి మీదికి పడ్డ తెల్లజుట్టుని వేలితో పక్కకి తీశాడు. అక్కడ పట్టీ ఉంది.

"అందరికంటే ముందు నామీదే పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా స్కాను తీయించుకోలేదు, తీయించుకోను. దీన్ని తీసిన మర్నాడు నేనెవరిగా లేస్తానో ఊహించుకోవడానికే ధైర్యం లేదు." జుట్టుని మళ్ళీ చెవి మీదికి సర్దుకున్నాడు. "కొత్తవాళ్ళెవరికీ పట్టీ పెట్టొద్దని రేపే చెప్పేస్తాను. ఉన్నవాళ్ళలో తీయించుకుంటామన్న వాళ్ళని మీకు అప్పగిస్తాను. నన్ను మాత్రం వదిలెయ్యండి."

"వదలను సార్. రోజూ పొద్దున్నే లైట్‌హౌస్ దగ్గర ఉంటాం. పట్టీతోనే రండి. ముందు నడక అలవాటు చేసుకుందురుగాని."

ఆయన బల్ల మీది కాగితాలు తీసుకుని లేచాడు.

వర్షాలు వెనకబట్టాక ఒకరోజు, నది ఒడ్డున ఇసకలో కూర్చున్నప్పుడు, సింధూర ఉన్నట్టుండి తండ్రి ఆఖరి క్షణాల గురించి అడిగింది. స్కూలు పిల్లలు తనతో చెప్పిన, అంతవరకూ ఎవరితోనూ అనని సంగతి ఒకటి కనకం మెల్లగా చెప్పింది. చెప్పి, మాట మార్చేసింది. ఎలాగూ పొద్దుటికి పోతుందనే అనుకుంది.

మర్నాడు ఎప్పటిలాగే కూతురి గది బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపట్లో "నాన్నేడీ?" అన్న మాట వస్తుంది. దానికి మనసు గట్టి చేసుకుంటోంది. వెలుతురు కిటికీదాకా వచ్చింది. మాట రాలేదు. చెవి ఒగ్గి వింటే, లోపల సన్నగా ఏడుపు.

తలుపు తోసింది. సింధూర మంచం మీద బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకుని ఉంది. చెంపల మీంచి కన్నీళ్ళు కారి మెడ తడిసిపోయింది.

"పడిపోయేటప్పుడు విజిల్ నాన్న నోట్లోనే ఉందన్నావు కదమ్మా," అంది సింధూర కళ్ళు తెరవకుండానే. "ఆయన మళ్ళీ ఊదుతాడని పిల్లలంతా చేతులు చాపుకుని వరసల్లో అలాగే నిలబడిపోయారన్నావు."

నిన్న ఇసకలో చెప్పిన మాటలే అవి. ముందెప్పుడూ చెప్పినవి కావు.

"అవునమ్మా," అంది కనకం.

"కొరివి నేనే పెట్టానా?"

"నువ్వే."

"గుర్తులేదు. అది కూడా తెచ్చుకుంటాను." సింధూర కళ్ళు తెరిచి తల్లిని చూసింది. "ఇవాళ నువ్వేం చెప్పక్కర్లేదు. ఇలా వచ్చి కూర్చో."

కనకం వెళ్ళి కూర్చుంది. రోజూ పొద్దున్నే ఆ కబురు మోసుకొచ్చే మనిషిగా మిగిలిపోయి, భర్త కోసం ఏడవడానికి ఆమెకి ఇన్నాళ్ళూ వీలు చిక్కలేదు. ఆ పొద్దున్న కూతురి భుజం మీద తల ఆన్చి, గొంతు విప్పి ఏడ్చింది. సింధూర ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.